సాగర్ నీళ్లు ఒక్క రోజులో: నెమ్మదిగా మారే వీడియో ఇన్‌స్టలేషన్ ఎలా చేయాలి

ఎనిమిది గంటలు నడిచే బొమ్మ ఒకటి చేద్దాం. తెర మీద ఆకాశం, ఒక గుట్ట, కింద నీళ్లు, అంతే. పొద్దున పదింటికి గది తెరిచేటప్పుడు అది జూన్ నెల, నీళ్లు అడుగున ఉంటాయి, పన్నెండు దాటేసరికి వరద వచ్చి నిండుతాయి, సాయంత్రం ఆరింటికల్లా మే నెల ఎండలకు మళ్లీ దిగిపోతాయి. అంటే నాగార్జునసాగర్ ఏడాది కథ మొత్తం ఒక పనిరోజులో. చూస్తూ నిలబడితే ఏదీ కదిలినట్టు ఉండదు, బయటికెళ్లి చాయ్ తాగి వచ్చి చూస్తే మాత్రం నీళ్లు ఇందాకటి చోట ఉండవు.

దీనికి కావాల్సింది పాత ల్యాప్‌టాప్ ఒకటి, 43 అంగుళాల టీవీ లేదా ప్రొజెక్టర్ ఒకటి, పి5.జెఎస్ (p5.js) అనే ఉచిత జావాస్క్రిప్ట్ కోడ్ లైబ్రరీ. కేసీ రియాస్, బెన్ ఫ్రై అనే ఇద్దరు 2001లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో ప్రాసెసింగ్ అనే, కోడ్‌తో బొమ్మలు వేసే సాధనం మొదలుపెట్టారు, ఆ ఆలోచననే బ్రౌజర్‌లోకి తెస్తూ లారెన్ మెకార్తీ 2013లో పి5.జెఎస్ మొదలుపెట్టారు. ఇంజినీర్లు కానివాళ్లు కూడా కోడ్‌తో బొమ్మలు వేయగలగాలి అన్నదే రెండిటి ఉద్దేశం, కాబట్టి కోడింగ్ కొంచెమే తెలుసు అనే టెన్షన్ వద్దు. సర్కిల్ గీయడం, రంగు మార్చడం, ఫర్ లూప్ వస్తే ఈ పని అవుతుంది.

ముందు పానగల్ వెళ్లండి

ల్యాప్‌టాప్ తెరవకముందు చేయాల్సిన పని ఇది. నల్లగొండ పట్టణాన్ని ఆనుకునే పానగల్ ఉంది, అక్కడ ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ ఒకటి పగలంతా ఒకే చోట నిలిచి ఉంటుంది, బయట సూర్యుడు ఎటు జరిగినా సరే. నేరుగా ఎండ తగిలి పడే నీడ కాదది, స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగు వల్ల ఏర్పడేది, అందుకే కదలదు. అక్కడ ఒక గంట కూర్చుని నీడను కాదు, వచ్చినవాళ్లను చూడండి. కదలని దాని ముందు మనిషి ఎంతసేపు ఆగుతున్నాడు, ఎప్పుడు వెనక్కి తిరిగి స్తంభాల వైపు చూస్తున్నాడు, పక్కవాళ్లకు ఏం చూపిస్తున్నాడు. మీ తెర ముందు నిలబడేది కూడా ఆ మనుషులే, వాళ్ల ఓపిక ఎంతో తెలియకుండా వేగం నిర్ణయించలేరు.

అక్కడే ఉదయసముద్రం కట్ట ఎక్కండి. సాగర్ జలాశయం నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన నీళ్లు అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగా కాలువలో ఈ చెరువుకూ వస్తాయి, కాబట్టి సాగర్ దాకా పోలేని రోజు ఇక్కడి నీళ్లు చూసినా చాలు. ఫోన్‌ను ఒక రాయికి ఆనించి, తెర మీద వేలు నొక్కి పట్టుకుని ఎక్స్‌పోజర్ లాక్ చేసి, పావుగంటకొకటి చొప్పున ఫోటోలు తీయండి. లాక్ చేయకపోతే ఫోన్ ప్రతిసారీ వెలుగును తనకు నచ్చినట్టు సరిచేస్తుంది, మనకు కావాల్సిన మార్పునే తుడిచేస్తుంది. మిగతా నెలల రంగులకు మీ గ్యాలరీలోని పాత ఫోటోలు వెతకండి, చెరువు దగ్గర తీసినవి ఎవరి ఫోన్‌లో అయినా ఉంటాయి, తేదీ కూడా వాటిలోనే ఉంటుంది.

లెక్క కాగితం మీద

సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. కనీస నీటిమట్టం 510 అడుగులు. మధ్యలో 80 అడుగులు, ఇదే మన బొమ్మకు ఆట స్థలం. 1080 పిక్సెల్స్ ఎత్తున్న తెర మీద అడుగుకు 5 పిక్సెల్స్ ఇస్తే 400 పిక్సెల్స్ అవుతాయి, ఆకాశానికీ గుట్టకూ కావాల్సినంత చోటు మిగులుతుంది.

ఇక కాలం. ఎనిమిది గంటలంటే 28,800 సెకన్లు, పన్నెండు నెలలకు పంచితే నెలకు 40 నిమిషాలు, అంటే 2,400 సెకన్లు. వరద నెలలో మట్టం 40 అడుగులు పెరిగిందనుకోండి, 200 పిక్సెల్స్ 2,400 సెకన్లలో, అంటే 12 సెకన్లకు ఒక పిక్సెల్. ఎండాకాలంలో నెలకు 10 అడుగులు దిగిందనుకోండి, 48 సెకన్లకు ఒక పిక్సెల్. ఈ రెండు అంకెలనూ గోడకు అంటించుకోండి, ఎందుకంటే తర్వాత వచ్చే ఇబ్బందులన్నీ వీటి నుంచే వస్తాయి: కన్ను పట్టలేనంత మెల్లగా ఉన్న కదలికను పిక్సెల్ అనే గడి మాత్రం ఒక్కసారిగా దూకి చూపిస్తుంది.

నీటిమట్టాలు పేపర్లో వానాకాలమంతా రోజూ వస్తాయి, నీటిపారుదల శాఖ కూడా ప్రకటిస్తుంది. మీరు ఎంచుకున్న ఏడాదికి ప్రతి నెలా 1న, 15న ఎంత ఉందో రాసుకుంటే 24 అంకెలు, చివర మరుసటి జూన్ 1 అంకె కలిపితే 25. అంత చాలు. ఆ అంకెల్ని వేరే ఫైల్‌లో పెట్టకుండా స్కెచ్‌లోనే (పి5లో రాసే ప్రోగ్రామ్‌ను అలా అంటారు) ఒక వరుసగా టైప్ చేసేయండి. వేరే ఫైల్ అయితే డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు బ్రౌజర్ దాన్ని చదవనివ్వదు, దానికి మళ్లీ లోకల్ సర్వర్ నడపాలి, లేనిపోని తలనొప్పి.

పాలమూరు వైపు ఉన్నవాళ్లకు జూరాల చేయాలని ఉంటుంది. చేయొచ్చు. కానీ జూరాల మొత్తం సామర్థ్యం 9.657 టీఎంసీలే, పై నుంచి వరద దిగితే వచ్చిన నీళ్లు వచ్చినట్టే కిందికి వదలాలి, గీత ఎగుడుదిగుడుగా వస్తుంది. 312 టీఎంసీల సాగర్ పెద్ద పాత్ర, అది నిండటమూ తగ్గటమూ నిదానం. మొదటిసారికి సాగరే తీసుకోండి.

బొమ్మ గడియారాన్ని అడగాలి

మొత్తం పనిలో నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే, మిగతావి మీ ఇష్టానికి మార్చుకోండి. తెర మీద ఏం కనిపించాలో ఇప్పుడు టైమ్ ఎంత అన్నదాన్ని బట్టే తేలాలి, ఇంతకుముందు ఏం వేశాం అన్నదాన్ని బట్టి కాదు.

పి5లో డ్రా అనే ఫంక్షన్ సెకనుకు చాలాసార్లు నడుస్తుంది. ఎవరికైనా ముందు తోచేది నీటి ఎత్తుకు ప్రతిసారీ రవ్వంత కలుపుతూ పోవడం. పది నిమిషాల వీడియోకు అది సరిపోతుంది. రోజంతా నడిచేదానికి సరిపోదు. మధ్యాహ్నం ల్యాప్‌టాప్ వేడెక్కి ఫ్రేమ్‌లు తగ్గితే నీళ్లు కూడా వెనకబడతాయి, మధ్యలో కరెంటు పోయి వస్తే మూడింటికి మళ్లీ జూన్ నుంచి మొదలవుతుంది, అప్పుడు చూసినవాళ్లకు బొమ్మకు అర్థమే ఉండదు.

కాబట్టి ఇలా చేయండి. డ్రా మొదలవగానే కంప్యూటర్ గడియారం నుంచి ఇప్పటి టైమ్ తీసుకుని, ఈరోజు పది గంటల నుంచి ఎన్ని సెకన్లు అయ్యాయో చూసి, 28,800తో భాగించండి. 0 నుంచి 1 మధ్య ఒక అంకె వస్తుంది. పదికి ముందు 0, ఆరు తర్వాత 1 దగ్గర ఆపేయండి. దానికి పొద్దు అని పేరు పెడదాం, జావాస్క్రిప్ట్‌లో వేరియబుల్ పేర్లు తెలుగులోనే రాసుకోవచ్చు, అది నడుస్తుంది. టైమ్ తీసుకునేటప్పుడు పి5లో ఉన్న సెకండ్ ఫంక్షన్ వాడకండి, అది పూర్తి సెకన్లే ఇస్తుంది, అలలు కుదుపుగా కదులుతాయి. డేట్ నుంచి మిల్లీసెకన్లు తీసుకోండి.

ఇక పొద్దును 24తో గుణిస్తే మన వరుసలో ఏ రెండు అంకెల మధ్య ఉన్నామో తెలుస్తుంది, వాటి మధ్య లెర్ప్ (రెండు అంకెల నడుమ విలువను సమానంగా లెక్కగట్టే ఫంక్షన్) చేస్తే నీటిమట్టం వచ్చేసింది. ఇక్కడ స్మూత్‌స్టెప్ (మెల్లగా మొదలై మెల్లగా ఆగే మార్పు) వాడాలనిపిస్తుంది, వద్దు. అది ప్రతి అంకె దగ్గరా నీళ్లను ఒక క్షణం నిలబెడుతుంది, మెట్లు ఎక్కుతున్నట్టు ఉంటుంది. మామూలు లెర్ప్ చాలు, ఈ వేగంలో మలుపు ఎవరికీ కనబడదు.

అలల కోసం, దూకకుండా మెల్లగా మారే అంకెలు ఇచ్చే నాయిస్ ఫంక్షన్ ఉంది, కెన్ పెర్లిన్ 1983లో కనిపెట్టిన పద్ధతి. దీనికీ అదే నియమం: లోపలికి ఇచ్చే కాలం గడియారం నుంచే రావాలి, సెటప్‌లో (మొదట్లో ఒక్కసారే నడిచే ఫంక్షన్) నాయిస్‌సీడ్, అంటే ప్రతిసారీ అవే అంకెలు వచ్చేలా చేసేది, ఒక స్థిరమైన అంకెతో పెట్టాలి. అప్పుడు కరెంటు పోయి వచ్చినా అదే అల అదే చోట ఉంటుంది. ఇంకో సంగతి, నాయిస్ 0 నుంచి 1 దాకా ఇస్తుందని రాసి ఉంటుంది కానీ ఎక్కువగా మధ్యలోనే తిరుగుతుంది, 0.3 నుంచి 0.7 వరకే వస్తుందనుకుని మ్యాప్ చేసుకుంటే అలలకు కొంచెం ప్రాణం వస్తుంది.

ల్యాప్‌టాప్ బదులు రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు వాడేవాళ్లు ఒకటి చూసుకోండి. రాస్‌బెర్రీ పై 4 వరకూ వచ్చిన బోర్డుల్లో కరెంటు లేనప్పుడు కూడా నడిచే గడియారం లేదు, ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చుకుంటుంది. నెట్ లేని గదిలో కరెంటు పోయి వస్తే టైమ్ తప్పు, టైమ్ తప్పితే మన బొమ్మ మొత్తం తప్పు. డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ తెచ్చి తగిలించాలి. రాస్‌బెర్రీ పై 5లో గడియారం ఉంది, బ్యాటరీ విడిగా కొనాలి. నన్నడిగితే మన దగ్గర పాత ల్యాప్‌టాపే మేలు, గడియారం ఉంటుంది, బ్యాటరీ ఎంతోకొంత ఆగుతుంది.

రంగు దూకకుండా

నీటి అంచును ఒక గట్టి గీతగా వేస్తే 12 సెకన్లకోసారి అది టక్కున ఒక పిక్సెల్ పైకి జరగడం కనిపిస్తుంది, చూసేవాడి కన్ను ఇక అక్కడే ఉండిపోతుంది. 30 పిక్సెల్స్ మందంలో మెల్లగా కలిసిపోయే అంచు వేయండి, నిజం చెరువులో కూడా ఒడ్డున నీళ్లకూ మట్టికీ మధ్య గీత ఉండదు కదా. ఎత్తును పూర్తి అంకెగా రౌండ్ చేయకండి, దశాంశాలు అలాగే ఉండనివ్వండి.

ఆకాశం ఇంకా కష్టం. మామూలు తెరలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లే. ఒక గంటలో నీలం 40 నుంచి 60కి వెళ్లాలంటే 20 మెట్లు, మూడు నిమిషాలకొక మెట్టు, ఆకాశమంతా ఒకేసారి. చీకటి రంగుల్లో అది స్పష్టంగా తెలుస్తుంది. దీనికి సులువైన విరుగుడు ఉంది. ఆకాశాన్ని ఒకే పెద్ద దీర్ఘచతురస్రంగా కాకుండా ఒక పిక్సెల్ ఎత్తున్న అడ్డగీతలుగా గీయండి, సెటప్‌లోనే ప్రతి గీతకూ మైనస్ 0.5 నుంచి ప్లస్ 0.5 లోపు ఒక చిన్న తేడా కేటాయించి పెట్టుకోండి, రంగు అంకెకు ఆ తేడా కలిపి అప్పుడు రౌండ్ చేయండి. ఇప్పుడు మెట్టు మారేటప్పుడు గీతలన్నీ ఒకేసారి మారవు, మూడు నిమిషాల పొడవునా ఒక్కొక్కటిగా మారతాయి. పక్కపక్క గీతల మధ్య తేడా ఒక్క మెట్టే కాబట్టి కంటికి ఆనదు. దారాలను ముందే ముడులు కట్టి అద్దే పోచంపల్లి నేతలో రంగు అంచు కత్తిరించినట్టు కాకుండా చెదిరినట్టు వస్తుంది చూడండి, ఇక్కడ మనకు కావాల్సింది ఆ అంచే. ఈ తేడాలు కూడా ప్రతిసారీ అవే వచ్చేలా రాండమ్‌సీడ్ పెట్టి తీసుకోండి.

రెండు రంగుల మధ్య లెర్ప్‌కలర్ చేసేటప్పుడు మధ్యలో ఏమవుతుందో చూడండి. నారింజ నుంచి నీలానికి ఆర్‌జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ల లెక్కలో) వెళితే మధ్యలో బూడిద రంగు, హెచ్‌ఎస్‌బీలో (రంగు, గాఢత, వెలుగు లెక్కలో) వెళితే మధ్యలో పచ్చటి ఆకాశమో గులాబీ ఆకాశమో వస్తుంది. రెండూ మనవి కావు. మధ్యలో ఇంకో రెండు మూడు రంగులు మీ ఫోటోల నుంచి పెట్టడమే మార్గం. ఫోటోలో ఆకాశం ముక్క ఒకటి తీసుకుని అందులోని పిక్సెల్స్ అన్నిటి సగటు తీస్తే ఆ రోజు రంగు వస్తుంది. జూన్ మొదట్లో దుమ్ము కలిసిన గోధుమ, శ్రావణంలో మబ్బు బూడిద, కార్తీకంలో కడిగిన నీలం, ఏప్రిల్‌లో దాదాపు తెలుపు. మా ఎండాకాలం ఆకాశాన్ని బొమ్మల్లో వేసినట్టు నీలంగా వేయకండి, అది తెల్లగా మండుతుంది.

తడి మట్టి

ఇది వదిలేసినా బొమ్మ నడుస్తుంది, కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. నీళ్లు దిగుతున్నప్పుడు ఒడ్డు ఒక్కసారిగా ఎండదు. పై మట్టి ఎప్పుడో తేలిపోయి తెల్లబడుతుంది, దాని కింద నెర్రెలు, ఇంకా కింద నల్లగా తడి. సాగర్ వెనక గుట్టల మీద ఈ చారలు పొరలు పొరలుగా కనిపిస్తాయి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చి వెళ్లాయో అవి చెబుతాయి.

దీన్ని చేయాలంటే నీళ్లు ఎక్కడ ఉండేవో బొమ్మ గుర్తుపెట్టుకోవాలి కదా, మరి గుర్తుపెట్టుకోకూడదన్నాం. దారి ఉంది. ప్రతి ఎత్తుకూ ఒకే ప్రశ్న వేయండి: ఈ ఎత్తును నీళ్లు చివరిసారి ఎప్పుడు దాటాయి? జవాబు మన 25 అంకెల వరుసలోనే ఉంది, ఇప్పటి పొద్దు నుంచి వెనక్కి నడుస్తూ మట్టం ఆ ఎత్తుకు పైన ఉన్న చోట ఆగితే చాలు. ఎన్ని నెలలైతే అంత తెల్లటి మట్టి, ఇప్పుడే దిగితే నల్లటి మట్టి. 400 వరుసలకు ఈ లెక్క ప్రతి ఫ్రేమ్‌లో అవసరం లేదు, ఐదు సెకన్లకోసారి చేసి దాచుకోండి. కరెంటు పోయి వచ్చినా చారలు ఉన్నచోటే ఉంటాయి.

వేగం సరిచూడటం

స్కెచ్ మొదట్లో వేగం అని ఒక అంకె పెట్టండి. 60 పెడితే ఎనిమిది గంటలు ఎనిమిది నిమిషాల్లో అవుతుంది, తప్పులు దొరుకుతాయి. కానీ 60లో అందంగా ఉన్నది 1లో అందంగా ఉంటుందని నమ్మకండి. వేగం 1లో పెట్టి, అదే గదిలో మీ వేరే పని చేసుకుంటూ ఒక పూట గడపండి, పది నిమిషాలకొక ఫోటో ఒకే చోటు నుంచి తీయండి. ఇంట్లోవాళ్లను ఎవరినైనా పిలిచి ఐదు నిమిషాలు చూడమనండి, ‘ఏదో కదులుతోంది’ అంటే అంచు గట్టిగా ఉందని, పావుగంట తర్వాత మళ్లీ పిలిచి చూపిస్తే ‘ఏం మారలేదు కదా’ అంటే మార్పు చాలట్లేదని. మొదటిసారి మారలేదనాలి, రెండోసారి ఆగి చూడాలి.

అలలు ఇందుకే. వాటి వేగం వేరే, పది సెకన్లకోసారి ఊపిరి తీసుకున్నట్టు కదిలితే తెర ఆగిపోలేదని తెలుస్తుంది, మనిషి నిలబడతాడు. అలలు మరీ ఎక్కువైతే మట్టం సంగతి ఎవరూ చూడరు, అందుకని తగ్గిస్తూ పోండి, ఇంకొంచెం తగ్గిస్తే చచ్చిపోతాయి అనే చోట ఆపండి.

గదిలో పెట్టడం

నీడ ఉన్న గది దొరికితే టీవీ, బాగా చీకటి చేయగలిగితేనే ప్రొజెక్టర్. ప్రొజెక్టర్‌కు నలుపు రాదు, బూడిద చతురస్రమే వస్తుంది. పైగా సీలింగ్ ఫ్యాన్ ఊపుకు స్టాండ్ వణికితే 12 సెకన్లకు ఒక పిక్సెల్ అన్న మన కష్టమంతా పోతుంది.

టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో మోడ్, గది వెలుగును బట్టి మారే ఆటో బ్రైట్‌నెస్, అన్నీ ఆపేయండి, లేకపోతే మీరు పెట్టని మార్పులు అవి పెడతాయి. కొన్ని టీవీలు నాలుగు గంటలు రిమోట్ ముట్టుకోకపోతే వాటంతట అవే ఆరిపోతాయి, అదీ ఆపాలి. ల్యాప్‌టాప్‌లో స్లీప్, స్క్రీన్ సేవర్, నోటిఫికేషన్లు, అప్‌డేట్లు ఆపండి. నైట్ లైట్ అనే సెట్టింగ్‌ను తప్పకుండా చూడండి, అది సాయంత్రం తెరను పసుపుగా మార్చేస్తుంది, మీ మే నెల ఆకాశం పాడవుతుంది. వైఫై పూర్తిగా తీసేయండి, దానికి ముందే పి5 ఫైల్‌ను డౌన్‌లోడ్ చేసి స్కెచ్ ఫోల్డర్‌లో పెట్టుకోండి, ఆన్‌లైన్ లింకు మీద ఆధారపడకూడదు. బ్రౌజర్‌ను కియోస్క్ మోడ్‌లో (మెనూలేమీ లేకుండా తెర నిండా), మెషిన్ ఆన్ అవగానే తెరుచుకునేలా పెట్టండి. ఫ్రేమ్‌రేట్ సెకనుకు 20 చాలు. ఏప్రిల్, మే నెలల్లో పెడుతుంటే ల్యాప్‌టాప్‌ను పెట్టెలో దాచకండి, వెనక గాలి ఆడాలి.

కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, టీవీ మాత్రం ఆరిపోతుంది, కరెంటు వచ్చాక కొన్ని టీవీలు స్టాండ్‌బైలోనే ఉండిపోతాయి. సెట్టింగ్స్‌లో పవర్ రాగానే ఆన్ అయ్యే ఆప్షన్ ఉందేమో చూడండి, లేకపోతే రిమోట్ ఎవరి దగ్గర ఉండాలో ముందే అనుకోండి. స్కెచ్‌లో డ్రా లోపల కొత్త ఇమేజ్‌లు, కొత్త గ్రాఫిక్స్ సృష్టించకండి, సాయంత్రానికి మెమరీ నిండి ఆగిపోతుంది. అలా లేకున్నా రాత్రి రెండింటికి పేజీ తనంతట తాను రీలోడ్ అయ్యేలా ఒక లైన్ రాయండి, గడియారం నుంచే అంతా వస్తుంది కాబట్టి నష్టం ఏమీ లేదు.

ఒక బెంచీ వేయండి, తెర మధ్యభాగం కూర్చున్నవాళ్ల కళ్ల ఎత్తులో ఉండాలి. గోడ మీద చిన్న కాగితంలో ‘ఒక రోజు = సాగర్‌లో ఒక ఏడాది, జూన్ నుంచి మే’ అని, ఏ ఏడాదో రాస్తే చాలు, ఇక వివరణ వద్దు. పొలం ఉన్నవాళ్లు ఆ ఏడాది అంకె చూడగానే తమ కథ చెప్పడం మొదలుపెడతారు, వాళ్లను చెప్పనివ్వండి.

ఇంకో టీవీ దొరికితే 2023–24ను ఒకదానిలో, 2024–25ను పక్కదానిలో పెట్టండి. 2023 వానాకాలంలో సాగర్ నిండలేదు, 2024 ఆగస్టులో గేట్లు ఎత్తారు. స్కెచ్ ఒకటే, గడియారం ఒకటే, మార్చాల్సింది ఆ 25 అంకెలే. ల్యాప్‌టాప్‌లు రెండైతే పొద్దున తెరిచే ముందు రెండిట్లో టైమ్ ఒక్కలాగే ఉందో లేదో చూసుకోండి, నిమిషం తేడా వచ్చినా పర్వాలేదు, గంట తేడా వస్తే మాత్రం నెలలు కలవవు.